బానలో మరువం

ఆ రోజుల్లో మా ధర్మవరంలో ఇంట్లో చెట్టు పెంచుకోవడం అంటే ఏనుగును కట్టేసుకున్నంత పని. ఏనుగుకైనా చెరుకు ముక్కో, అరటిపండో ఎవరో ఒకరు ఇస్తారు, చెట్టుకు నీళ్లు ఎవరిస్తారు? వీధి కుళాయిలో మూడు దినాలకొకసారి నీళ్లు వచ్చేవి. వచ్చినా దారం మాదిరి సన్నగా వచ్చేవి. ఒక బిందె నిండేలోపు ఆడవాళ్లం ఒకరి కాపురం సంగతి ఒకరం మొత్తం తెలుసుకునేవాళ్లం. కూరగాయలు కడిగిన నీళ్లు గిన్నెలకు, బట్టలు జాడించిన నీళ్లు వాకిలికి, ఇలా ఒకే నీళ్లు ఇల్లంతా తిరిగేవి. అలాంటి ఊర్లో మా అత్త మగ్గం ఉన్న గది కిటికీలో ఒక మరువం చెట్టు పెట్టుకుంది. చెట్టు అంటే చెట్టు కాదు, చిన్న మట్టి చట్టిలో జానెడు ఎత్తు రెమ్మలు. (మరువం తెలియనివాళ్లు ఉంటారేమో. కనకాంబరాలతో కలిపి మాల కడతారే, ఆ ఆకు. అది పెట్టుకున్న మనిషి సందు మలుపు తిరగకముందే వాసన వచ్చేస్తుంది.)

నేను ఐదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఉత్తరాలు తప్ప ఇంతకు ముందు ఏమీ రాయలేదు. అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. జరిగిన దాంట్లో తప్పు ఎవరిదని మాత్రం మీరు వెతకక్కర్లేదు, మొత్తం నాదే.

ఎనభైల మొదట్లో నాకు పెళ్లయింది. అప్పుడు పద్దెనిమిదేళ్లు. మా పుట్టిల్లు యాడికి అనే ఊరు. మా నాయన నూలు చీరలు నేసేవాడు. అత్తగారిది పట్టు మగ్గం. బయటివాళ్లకు రెండూ నేతపనే కదా అనిపిస్తుంది. పట్టు నేసేవాళ్లను అడిగి చూడండి, తెలుస్తుంది. "నూలు చేయి గరుకు, పట్టుకు పనికిరాదు" అని మా అత్త నమ్మకం. పెళ్లయి ఎనిమిది నెలలైనా నన్ను పట్టుదారం ముట్టనివ్వలేదు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం ఆ ఇంటి ఆడవాళ్ల పని. (నేసేటప్పుడు అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం చుట్టిన చిన్న పుల్ల ఉంటుంది, దాన్ని కండె అంటారు.) పనే కాదు, అది ఆ ఇంటి ఆడవాళ్ల గౌరవం కూడా. నాకు మాత్రం వంట, కసువు ఊడ్చడం, కుళాయి దగ్గర వరుస. పొరపాటున రాట్నం దగ్గరికి పోతే చాలు, "ఉండు ఉండు, దారం బెదురుతాది" అనేది అత్త. దారం ఎలా బెదురుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అలా ఉండగా లేపాక్షి దగ్గర పల్లెలో ఉన్న మా ఆడబిడ్డకు రెండో కాన్పు వచ్చింది. మొదటి కాన్పు మా ఇంట్లో జరిగింది కాబట్టి ఈసారి అత్తే బయలుదేరింది. తను లేని రెండు మూడు నెలలు కండెలు ఎవరు చుట్టాలి? నన్ను చుట్టమంటుందేమో అని ఆ పొద్దు చేతులకు కొబ్బరినూనె రాసుకుని తయారుగా కూర్చున్నాను. అత్త నా చేతుల వైపు కూడా చూడలేదు. ఎదురింటి ముసలి జేజిని పిలిచి ఒప్పజెప్పింది. ఆ జేజికి కళ్లు సరిగా కనిపించవు, అయినా ఆమెది పట్టు చేయి. నా మొహం మాడిపోవడం చూసిందేమో, పోతూ పోతూ నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"ఇదో మ్మే, ఈ మరువం మాయమ్మ ఇంటికాడ నుంచి తెచ్చుకున్నెది. మాయమ్మ పోయింది, ఇదొక్కటే మిగిలింది. దినం మార్చి దినం ఒక లోటా నీళ్లు పొయ్యి. అంతే. ఇంకేం చెయ్యొద్దు. నేనొచ్చేదాంక పచ్చంగా పెట్టినావంటే నీ చేతి గుణం మంచిదని ఒప్పుకుంటా. ఆనక పట్టు ముట్టుకుందువు."

నేను ఇందులో "పట్టు ముట్టుకుందువు" ఒక్కటే విన్నాను. "ఇంకేం చెయ్యొద్దు" అన్నది చెవిలో పడలేదు.

రెండు వారాలు ఒక లోటా చొప్పున బుద్ధిగా పోశాను. ఒక పొద్దు చట్టి ఎత్తి చూస్తే అడుగున బొక్కలోంచి వేర్లు బయటికి వచ్చి ఉన్నాయి, చిరిగిన చొక్కాలోంచి మోచేయి వచ్చినట్టు. అయ్యో, దీనికి ఇల్లు చాలలేదే అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే ఏమీ అయ్యేది కాదు. నాకు ఆశ పుట్టింది. పెద్ద కుండలోకి మారిస్తే ఇది పొదలా పెరుగుతుంది, అత్త వచ్చి గుమ్మంలోనే నోరు తెరిచి నిలబడిపోతుంది, రాట్నం నా ముందుకు జరుపుతుంది. ఇదంతా కళ్లముందు కనిపించింది, అత్త నోరు తెరవడం మరీ స్పష్టంగా.

కుమ్మరి తాత ఇల్లు మా వీధి చివర. పోయి కుండ కావాలన్నాను.

"చెట్టు ఎంతుండాది?" అన్నాడు తాత.

"జానెడు."

తాత ఒక చిన్న చట్టి తీసి ముందు పెట్టాడు. పాతదానికంటే కొంచెమే పెద్దది. "ఇది సరిపోతాది. వేర్లముద్ద సుట్టూ రెండు వేళ్ల సందుంటే సాలు."

"అది ఎదిగేది కదా తాతా?"

"ఎదిగినాక మల్ల రా. ఇంగో సైజుది ఇస్తా."

నాకు తాత తెలివి అర్థమైపోయిందనుకున్నాను. మళ్లీ మళ్లీ రప్పించుకోవడానికి ఇదొక ఉపాయం! మా నాయన ఎప్పుడైనా అలా మోసపోయాడా? నాకు పావడా కుట్టిస్తే నాలుగేళ్లు రావాలని కింద మూరెడు మడత పెట్టించేవాడు. చెప్పులు కొంటే ముందు గుడ్డపీలికలు కుక్కి వేసుకునేదాన్ని, గుడ్డలు పూర్తిగా తీసేసే నాటికి చెప్పులు తెగిపోయేవి. (ఒక్క దినం కూడా కాలికి సరిపోయిన చెప్పు వేసుకున్న గుర్తు లేదు.) ఎదిగేదానికి పెద్దదే కొనాలి. ఇది మా ఇంటి శాస్త్రం. కాబట్టి ఆ మూల బోర్లించిన బాన చూపించాను. పెళ్లిళ్లలో నీళ్లు నింపి పెడతారే, అంత బాన. నేను ముడుచుకుని కూర్చుంటే నేనే పట్టేదాన్ని.

తాత బానను చూశాడు, నన్ను చూశాడు. "దేనికి మ్మా, చెట్టుకా, నీకా?"

"చెట్టుకే."

"సరే తల్లీ. ఉండు, అడుగున బొక్క పొడిచిస్తా."

"బొక్కా! వద్దు తాతా! నీళ్లన్నీ కారిపోవా?"

మీరు నవ్వొద్దు. మూడు దినాలకొకసారి నీళ్లు చూసే ఊర్లలో పుట్టి పెరిగాం, మంచి కుండకు చేజేతులా బొక్క పొడవడం అంటే ఎలా ఉంటుందో మాకే తెలుసు. కారే కుండను మేము మూలన పడేస్తాం, కొనుక్కుని ఇంటికి తెచ్చుకోం. పాత చట్టికి బొక్క ఎందుకుందంటే అది పాతది కాబట్టి అనుకున్నాను. తాత ఏదో చెప్పబోయి, నా మొహం చూసి, "నీ ఇష్టం" అని చేతులు దులుపుకున్నాడు.

బానను ఇంటికి తేవడానికి మా ఆయనను పిలుచుకుని పోయాను. కొత్త పెళ్లాం అడిగిందని కాదనలేక సైకిలు తెచ్చాడు. క్యారియరు మీద బానను పెట్టి తాడుతో కట్టి ఆయన సైకిలు తోస్తుంటే, వెనక నేను రెండు చేతులా దాన్ని పట్టుకుని నడిచాను. వీధంతా అరుగుల మీదికి వచ్చేసింది.

"ఏమప్పా, పెండ్లి ఎవురిది?"

"కుళాయి నీళ్లన్నీ నీకొక్కనికే కావల్నా ఏమి?"

"బానలో ఎవురున్నారు మే, అత్త లేదని పుట్టింటోళ్లను దింపుకుంటాండావా?"

మా ఆయన తల వంచుకుని సైకిలు తోశాడు. ఆ తర్వాత నాతో ఎక్కడికైనా రావాలంటే ముందు "ఏం తెచ్చేది ఉండాది?" అని అడగడం నేర్చుకున్నాడు.

ఊరి బయటి నుంచి ఎర్రమట్టి నాలుగు తట్టలు, పేడ ఎరువు ఒక తట్ట మోసి బాన నింపాను. నడుమ్మీద చేయి పెట్టుకుని నిలబడి చూస్తే నడిమధ్యన ఆ మరువం, పెద్ద మైదానంలో తప్పిపోయిన మేకపిల్లలా ఉంది. కిటికీలో పట్టదు కాబట్టి కిటికీ కింద, మామ నేసే చోటికి ఎదురుగా పెట్టాను. మా మామ తక్కువ మాట్లాడే మనిషి. మాటలు కూడా పట్టుదారమే అన్నట్టు పొదుపుగా వాడేవాడు. మగ్గం కింద తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూ నేస్తూ ఒకసారి బానను చూసి, మళ్లీ నేతలో పడిపోయాడు.

ఇక నీళ్లు. ఒక లోటా పోస్తే ఆ మట్టికి నాలుక కూడా తడవలేదు. న్యాయమే కదా, ఇల్లు పెద్దదైతే ఖర్చు పెద్దది. ఒక లోటాకు బదులు ఒక కడవ అన్నాను. మరి అన్ని నీళ్లు ఎక్కడివి? బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు అన్నీ అందులోకే. నా స్నానం సగం చెంబుకు వచ్చింది. మా ఆయన మొహం కడుక్కుంటుంటే పక్కన గిన్నె పట్టుకుని నిలబడేదాన్ని. ఆయన చన్నీళ్లు చల్లుకున్నంతసేపూ నా చూపు ఆయన గడ్డం కిందే, చుక్క పోకుండా.

పది దినాలు మరువం బాగానే ఉంది. నేను గర్వంతో ఉన్నాను. తర్వాత కింది ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. కండెలు చుట్టడానికి వచ్చిన జేజి దగ్గరగా వంగి చూసి, "నీళ్లు సాలల్యా మే, పాపం నోరెండిపోయుండాది" అంది. మా ఊర్లో చెట్టు పసుపు పడిందంటే వేరే కారణం ఎవరికీ తోచదు. డాక్టరు దగ్గరికి పోయినా అదే చెప్పేవాడనుకుంటాను. ఇంకో కడవ పోశాను. ఇంకా పసుపు పడింది. అత్తకు పుట్టింటి గుర్తు అది ఒక్కటేనని వీధిలో అందరికీ తెలుసు కాబట్టి అందరికీ దిగులు పట్టుకుంది. జేజి తన వంతు నీళ్లలోంచి అర బిందె తెచ్చి పోసింది. పక్కింటి వదిన చెంబు తెచ్చింది. ఎవరు చెప్పారో, రెండిళ్ల అవతలి ఆమె కూడా తెచ్చింది. దాహంతో ఉన్న మనుషులు తమ నోటి ముందటి నీళ్లు తీసి ఒక మరువానికి పోశారు. అంత మంచితనం ఆ చిన్న చెట్టు తట్టుకోలేకపోయింది. రెమ్మలు మొదలు దగ్గర నల్లబడి మెత్తబడ్డాయి. గదిలో మరువం వాసన పోయి చెరువు అడుగు వాసన వచ్చింది.

అప్పుడే లేపాక్షి నుంచి కార్డు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం, ఇంకో మూడు వారాల్లో వస్తున్నాను అని అల్లుడి చేత రాయించింది అత్త. చివర్లో ఒక మాట: "మరువం ఎట్లుండాది?"

ఆ కార్డు పట్టుకుని బాన పక్కన కూలబడి ఏడ్చాను. రాట్నం సంగతి అటుంచితే, చచ్చిపోయిన వాళ్లమ్మను నేను రెండోసారి చంపినట్టు అనిపించింది. మగ్గం చప్పుడు ఆగింది. మామ గుంటలోంచి లేచి వచ్చాడు. బానలో మోచేతి దాకా చేయి పెట్టి ఒక పిడికెడు మట్టి పైకి తీశాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"ఏమ్మా, వరి నాటినావా?"

నేను ఏడుపు ఇంకొంచెం పెంచాను.

"బానకు బొక్క ల్యా?"

"నీళ్లు కారిపోతాయని నేనే వద్దన్నా మామా."

ఆయన అక్కడే నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ మనిషికి నవ్వు వచ్చని పెళ్లయిన ఇన్ని నెలల్లో నాకు తెలియదు. బురద చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. "చెట్లు ఎండి సచ్చేది పుట్టినప్పట్నుంచి సూస్తాండా. అనంతపురం జిల్లాలో మునిగి సచ్చినెది ఇదే పస్టు!"

నవ్వు ఆగాక నన్ను మగ్గం దగ్గరికి పిలిచి గుంట చూపించాడు. "ఇది సూడు పాపా. మా నాయన నా కాళ్లు కొలిచి తవ్విచ్చినాడు. నేను అప్పటికి నీ ఈడు పిల్లోన్ని. ఎదుగుతాడులే అని ఇంగో జాన లోతు తవ్విచ్చింటే ఏమయ్యేది? కాలు తొక్కుడు చెక్కకు అందదు. యాలాడ్తా కూసోవాల. ఎదిగేదాంక నేసేదెవురు, తినేదేమి? ఎదిగినాక మల్ల తవ్వినాం, అంతే. దేనికైనా కాలు అందేటంత లోతే సుకం. చెట్టుకు వేరంటే కాలే."

అంత పెద్ద మాట ఆయన ఆ తర్వాత కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇద్దరం కూర్చుని కుళ్లిన రెమ్మలన్నీ వెతికితే కొసల్లో పచ్చగా ఉన్నవి మూడు దొరికాయి. వేలెడంత ఉన్నాయి ఒక్కొక్కటి. నేను సిగ్గు చంపుకుని కుమ్మరి తాత దగ్గరికి పోయాను. ఆయన నన్ను చూడగానే అడిగాడు: "కారే చట్టి కావల్నా, కారనిదా?" కారేదే ఇమ్మన్నాను. నా అరచేతిలో పట్టే చట్టి ఇచ్చాడు, దుడ్లు తీసుకోలేదు, "నవ్వించినావు, సాల్లే" అన్నాడు. ఇసుక కలిపిన మట్టి వేసి మూడు రెమ్మలూ గుచ్చి కిటికీలో పెట్టాం. నీళ్లు మామే చిలకరించేవాడు, పూజలో తీర్థం చల్లినట్టు. చెంబు నా చేతికి ఇవ్వలేదు.

ఆ మూడు వారాలు నేను పడిన బాధ చెప్పలేను. రెమ్మ గుచ్చాక వేరు పట్టిందో లేదో పైకి తెలియదు. కొంచెం పైకి లాగి చూస్తే తెలిసిపోతుంది కదా! కసువు ఊడ్చడానికని పోతాను, చేయి దానంతట అదే కిటికీ వైపు పోతుంది. "చేయి!" అని గుంటలోంచి కేక. నాడె ఆగేది కాదు, ఆయన తల ఎత్తేవాడు కాదు, ఎలా కనిపించేదో. దినానికి నాలుగైదు సార్లు "చేయి!" అనిపించుకున్నాను. వారం తిరగకముందే రెండు రెమ్మలు నల్లబడ్డాయి. మూడోది పచ్చగా లేదు, నల్లగా లేదు, ఎటూ తేల్చుకోలేనట్టు నిలబడింది. పదిహేడో దినం దాని కొసన ఆవగింజంత ఆకులు రెండు విచ్చాయి. ఆ పొద్దు నేను వంటలో ఉప్పు వేయడం మర్చిపోయాను. అందరూ అలాగే తినేశారు.

అత్త మధ్యాహ్నం బస్సుకు దిగింది. ఇంట్లోకి వస్తూనే, మట్టి తీసి కడిగి మూలన పెట్టిన బాన కనిపించింది. "ఇదేంది, ఎవురి పెండ్లికి?" అంది. మా ఆయన సైకిలు తీసుకుని చక్కగా బయటికి పోయాడు. అత్త నేరుగా కిటికీ దగ్గరికి నడిచింది. అరచేతి చట్టిలో ఒక్క రెమ్మ, దానికి ఆరు ఆకులు. అత్త చట్టిని ఎత్తి, ఒకసారి తిప్పి చూసి, తిరిగి కిటికీలో పెట్టేసింది.

నేను గోడకు అతుక్కుని మొత్తం చెప్పేశాను. బాన, బొక్క, కడవలు, జేజి అర బిందె, అన్నీ. చివర్లో "సంపేసినా అత్తా" అన్నాను.

అత్త కింద కూర్చుని తన గుడ్డసంచి విప్పింది. చీరల మధ్యలోంచి ఒక పాలపొడి డబ్బా తీసింది. అందులో మరువం, గుబురుగా, నవనవలాడుతూ.

"నీమీద నమ్మకం ల్యాక, పొయ్యే దినమే ఒక రెమ్మ తుంచుకోని పోయింటి" అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. మూడు వారాలు నేను తినలేదు, నిద్రపోలేదు, ఈమె దగ్గర డబ్బాలో పొద పెరుగుతోందా! కానీ కోపం పడటానికి నాకు ఏ అర్హత ఉంది? ఆమె నన్ను నమ్మకపోవడం ఎంత సరైనదో ఆ బాన మూలన కూర్చుని సాక్ష్యం చెబుతోంది.

అత్త మళ్లీ నా చట్టి చేతిలోకి తీసుకుంది. ఆకును చూసింది, మొదలు చూసింది. "వేరు పట్టిందా ల్యాదా అని పీకి సూసినావా?"

"ల్యా అత్తా."

"ఒక్కసారి గూడా?"

"చేయి పోయింది. మామ అరిసినాడు. వెనక్కి తీసుకున్నా."

అత్త గుంట వైపు చూసింది. మామ వినపడనట్టు నేస్తున్నాడు. అప్పుడు అత్త గొంతు తగ్గించింది. "నేను ఆడ రెండుసార్లు పీకి సూసినా మే. రెండూ సచ్చినాయి. ఈ డబ్బాలోది మూడోది. తుంచుకోని పోయిన రెమ్మను మూడు ముక్కలు చేసి గుచ్చింటి, మిగిలిన ఆఖరి కొస ఇది. నీది పోయింటుందనుకున్నా, ఇది గూడా పోతే మాయమ్మది ఏమీ మిగల్దని, చేతులు కొంగులో కట్టేసుకోని కూసున్నా."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఎవరు ముందు నవ్వారో గుర్తు లేదు. నాకు గుర్తున్నంతవరకు నేనే, ఆమె మాత్రం చచ్చేదాకా తనేనని వాదించింది.

మర్నాడు పొద్దున అత్త డబ్బాలో మరువాన్ని జేజికి ఇచ్చేసింది, అర బిందె నీళ్ల బాకీ అని. కిటికీలో నా చట్టినే ఉంచింది. తర్వాత రాట్నం ముందు పీట వేసి, పట్టుదారం కట్ట విప్పి నా మోకాలి మీద పెట్టింది. "లాగి సూడని చేయి పట్టుకు పనికొస్తాది. కూసో" అంది. నేను కూర్చున్నాను. మధ్యాహ్నం లోపల దారం నాలుగుసార్లు తెంపాను. నాలుగుసార్లూ అత్త ఒక్క మాట అనకుండా వంగి ముడివేసి, తన పని తను చేసుకుంది. మామ మాత్రం నాలుగోసారి గుంటలోంచి "చేయి!" అన్నాడు, అలవాటుగా.

ఆ కండెలతో నేసిన చీర ఆకుపచ్చది, ఎర్రంచు. మాకు పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు దాన్ని ఎక్కడికో పంపించేశాడు. ఏ ఊరి అమ్మాయి కట్టుకుందో, ఏ పెళ్లి పందిట్లో కట్టుకుందో నాకు తెలియదు. ఇప్పుడు ఆమె కూడా నాలాగే జుట్టు నెరిసి ఎక్కడో ఉండి ఉంటుంది. అప్పుడప్పుడూ ఆమెకు ఒక మాట చెప్పాలనిపిస్తుంది. అమ్మా, ఆ చీర కుచ్చిళ్లు పెట్టేటప్పుడు ఎక్కడైనా చేతికి సన్నగా ముడులు తగిలితే తిట్టుకోవద్దు. నాలుగే ఉంటాయి. అవి వేసిన ఆమె చేయి చాలా మంచిది. దారం తెంపిన పిల్ల మాత్రం, పాపం, ఆ పొద్దే మొదటిసారి పట్టు ముట్టుకుంది.